చీఫ్ నాంగా: పేరు లేని దేశంలో ఒక మంత్రి

చీఫ్ ఎం.ఎ. నాంగా నైజీరియా రచయిత చినువా అచెబె నాలుగో నవల 'ఎ మ్యాన్ ఆఫ్ ద పీపుల్'లో సాంస్కృతిక శాఖ మంత్రి. బడిపంతులుగా మొదలై, పార్లమెంటులో వెనక వరస సభ్యుడై, ఒక్కరోజు వేసిన కేకల బలంతో మంత్రి పదవికి ఎగబాకి, చివరికి జాలరి వేషంలో పడవెక్కి పారిపోతూ పట్టుబడినవాడు. అతని దేశానికి నవలలో పేరు లేదు. ఆఫ్రికా ఖండంలో ఉందనీ, బ్రిటిష్ పాలన నుంచి ఈమధ్యే బయటపడిందనీ, రాజధాని బోరి అనీ మాత్రమే పాఠకుడికి తెలుస్తుంది. 1966 జనవరిలో లండన్‌లో హైనమన్ సంస్థ ఈ నవలను ప్రచురించింది. కల్పిత దేశాల రాజకీయ నాయకులను చిత్రించిన ఆధునిక నవలల్లో దీని స్థానం ప్రత్యేకమైంది. ఇందులో నాయకుడు ఆకాశం నుంచి ఊడిపడిన రాక్షసుడు కాడు. ఓటు వేసినవాళ్లు, వేయించుకున్నవాళ్లు, చూస్తూ ఊరుకున్నవాళ్లు అందరూ కలిసి తయారుచేసినవాడు.

నవల వెనకటి దేశం

నైజీరియా 1960 అక్టోబరు 1న స్వతంత్ర దేశమైంది, 1963లో గణతంత్రమైంది. ఉత్తరం, పశ్చిమం, తూర్పు ప్రాంతాల పార్టీలు ఎవరి ఇలాకాలో వాళ్లు పాతుకుపోయి, కేంద్రంలో పెత్తనం కోసం పోటీ పడేవి. 1962లో పశ్చిమ ప్రాంత శాసనసభలో సభ్యులు కొట్టుకున్నారు. 1964 చివర జరిగిన సమాఖ్య ఎన్నికలను చాలాచోట్ల ప్రతిపక్షం బహిష్కరించింది. 1965 అక్టోబరులో పశ్చిమ ప్రాంత ఎన్నికల్లో జరిగిన మోసానికి జనం వీధుల్లోకి వచ్చారు, ఇళ్లు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు.

ఆ సంవత్సరాల్లో అచెబె నైజీరియా ప్రభుత్వ ప్రసార సంస్థలో విదేశీ ప్రసారాల విభాగానికి డైరెక్టరు. మంత్రులు మైకుల ముందు ఏం మాట్లాడతారో, మైకు కట్టేశాక ఏం మాట్లాడతారో దగ్గరనుంచి వినే ఉద్యోగం అది. అప్పటికే 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958), 'నో లాంగర్ ఎట్ ఈజ్' (1960), 'యారో ఆఫ్ గాడ్' (1964) వచ్చాయి. మొదటి, మూడో నవలల్లో తెల్లవాళ్లు వచ్చి ఇగ్బో సమాజాన్ని విరిచిన కథ చెప్పాడు. నాలుగో నవలకు వచ్చేసరికి తెల్లవాళ్లు వెళ్లిపోయారు. నింద మోపడానికి వేరే ఎవరూ మిగలలేదు. అచెబె ఈ నవలలో వేసే ప్రశ్నలన్నీ తన వాళ్లకే.

పంతులు మంత్రి అయిన రోజు

కథ చెప్పేది ఓడిలి సమాలు అనే యువకుడు. విశ్వవిద్యాలయంలో చదువుకుని పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న ఉపాధ్యాయుడు. చిన్నప్పుడు అతనికి మూడో తరగతిలో పాఠం చెప్పిన పంతులే నాంగా. స్కౌట్ దుస్తుల్లో పిల్లల్ని నడిపించిన ఆ పంతులంటే ఓడిలికి ఇష్టం ఉండేది. ఆ ఇష్టం ఎలా చచ్చిపోయిందో చెప్పే ఘట్టమే నాంగా రాజకీయ జీవితానికి మూలం. నవల మొత్తంలో జాగ్రత్తగా చదవాల్సిన పుటలు అవి.

ప్రపంచ విపణిలో కాఫీ ధర కుప్పకూలింది. దేశానికి కాఫీయే ప్రాణం, అధికారంలో ఉన్న ప్రజా సంఘటన పార్టీకి కాఫీ రైతులే బలం. ఆర్థిక మంత్రి డాక్టర్ మకిండే ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల్లో డాక్టరేటు చేసిన మనిషి. రైతుకు ఇచ్చే ధర తగ్గించక తప్పదని, గట్టెక్కే మార్గం ఇదీ అని పూర్తి ప్రణాళిక తయారుచేసి మంత్రివర్గం ముందు పెట్టాడు. ఎన్నికలు దగ్గరలో ఉన్నాయి. ప్రధానమంత్రి ఒప్పుకోలేదు. కోటీ యాభై లక్షల పౌండ్లు అచ్చువేయమని జాతీయ బ్యాంకుకు ఆదేశం వెళ్లింది. మంత్రుల్లో మూడింట రెండు వంతుల మంది మకిండే పక్షాన నిలిచారు. తెల్లవారేసరికి వాళ్లందరి పదవులూ పోయాయి. సాయంత్రం ప్రధాని రేడియోలో మాట్లాడుతూ వాళ్లు విదేశీ శక్తులతో కలిసి కొత్త దేశాన్ని కూల్చబోయిన కుట్రదారులని ప్రకటించాడు.

ఆ ముక్క దేశమంతా నమ్మింది. పత్రికలు అందుకున్నాయి, విద్యార్థులు అందుకున్నారు. ఓడిలి కూడా అప్పుడు విద్యార్థే, పార్టీ అభిమాని. పార్లమెంటులో పదవి పోయినవాళ్లను విచారించే రోజు గ్యాలరీలో కూర్చున్నాడు. మకిండే తన మాట చెప్పుకోవడానికి లేచాడు. వెనక వరసల నుంచి అరుపులు మొదలయ్యాయి. ఆ అరుపులకు నాయకత్వం వహించినవాడు, ఒక్క వాక్యం పూర్తి కానివ్వకుండా ఎగతాళి చేసినవాడు, అప్పటిదాకా ఎవరికీ తెలియని సభ్యుడు నాంగా. ఓడిలి తన గురువును గుర్తుపట్టాడు. ఖాళీ అయిన మంత్రి పదవుల్లో ఒకటి త్వరలోనే నాంగాకు దక్కింది.

ఇక్కడ అచెబె గమనించిన సంగతి ఒకటి ఉంది. పార్టీ పత్రిక సంపాదకీయం, గెంటేసిన మంత్రులంతా పెద్ద చదువులు చదివినవాళ్లేనని ఎత్తి చూపి, పుస్తకాల ఆర్థిక శాస్త్రం వల్లించేవాళ్లను, తెల్లవాళ్లను అనుకరించేవాళ్లను దేశం నుంచి పెరికెయ్యాలని రాస్తుంది. తప్పుడు లెక్కను తప్పు అన్నవాడు ద్రోహి, తప్పుడు లెక్కకు చప్పట్లు కొట్టినవాడు మట్టి మనిషి. నాంగా ప్రతిభ అంతా ఈ గీతకు ఏ వైపు నిలబడాలో క్షణంలో పసిగట్టడంలోనే ఉంది. అతను ఏ సిద్ధాంతాన్నీ వదులుకోలేదు, వదులుకోవడానికి అతని దగ్గర ఏదీ లేదు.

మనసు దోచే మనిషి

1964లో నాంగా తన సొంతూరు అనాటాకు, అక్కడ ఓడిలి పనిచేస్తున్న పాఠశాలకు అతిథిగా వస్తాడు. నవల ఆరంభమయ్యేది ఈ రాకతోనే. మహిళా బృందాలు కొత్త బట్టల్లో నాట్యం చేస్తుంటాయి. తమలో ఒకడు చనిపోతే తప్ప బయటికి రాని వేటగాళ్ల సంఘం తుపాకులు పేలుస్తూ వస్తుంది. ఓడిలి ముఖం మాడ్చుకుని ఓ పక్కన నిలబడి, ఈ జనానికి బుద్ధి ఎప్పుడొస్తుందా అనుకుంటాడు. అంతలో మంత్రి అతన్ని చూస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు, కావలించుకుంటాడు. సెలవుల్లో బోరికి వచ్చి తన ఇంట్లో ఉండమంటాడు. విదేశాల్లో పై చదువుకు ఉపకార వేతనం చూస్తానంటాడు. కాసేపటి క్రితం దాకా కోపంతో ఉడికిన ఓడిలి ఒక్కసారిగా పొంగిపోతాడు.

నాంగాను అర్థం చేసుకోవడానికి ఈ దృశ్యం ముఖ్యం. అతను నిజంగానే ఆత్మీయంగా ఉండగలడు. ఎవరి పేరూ మరిచిపోడు. జనంతో కలిసినప్పుడు బడి ఇంగ్లీషు వదిలేసి వీధి ఇంగ్లీషులోకి, పిడ్జిన్‌లోకి దిగిపోతాడు. ఆ మాటలో నవ్వు ఉంటుంది, చనువు ఉంటుంది. అతని మీద కోపం పెట్టుకోవడం కష్టమని ఓడిలే ఒప్పుకుంటాడు. ఆకర్షణ లేని అవినీతిపరుణ్ణి చిత్రించడం ఏ రచయితకైనా తేలిక. అచెబె ఆ తేలిక దారి పట్టలేదు. చదువుతున్నవాడు కూడా నాంగాను కాస్త ఇష్టపడేలా చేసి, ఆ ఇష్టానికి జవాబు చెప్పుకోమన్నాడు.

బోరిలో మంత్రి ఇంటికి ఏడు స్నానాల గదులు. ఓడిలికి ఇచ్చిన గదిలో మెత్తని పరుపు, చల్లని గాలి. ఆ రాత్రి అతనికి వచ్చే ఆలోచనే నవల రాజకీయ సారం. నిన్నటిదాకా అందరూ వానలో తడిశారు. వెళ్లిపోయిన పాలకులు వదిలిన ఒకే ఒక్క గూట్లోకి కొందరు దూరి, లోపలి నుంచి గడియ పెట్టుకున్నారు. దూరినవాళ్లు తెలివైనవాళ్లు, అదృష్టవంతులు. యోగ్యులు మాత్రం అరుదు. ఇక లోపలి నుంచి మైకుల్లో, పోరాటంలో మొదటి ఘట్టం గెలిచామనీ, ఇల్లు పెద్దది చేసే రెండో ఘట్టంలో అందరూ నోరు మూసుకుని ఒక్కమాట మీద ఉండాలనీ బయటివాళ్లకు చెబుతుంటారు. ఇంత స్పష్టంగా ఆలోచిస్తున్న ఓడిలి అదే పరుపు మీద హాయిగా పడుకుని ఉన్నాడన్నది మరిచిపోకూడదు.

ఆ ఇంట్లో ఉన్న రోజుల్లో మంత్రి పని ఎలా నడుస్తుందో ఓడిలి చూస్తాడు. దేశవాళీ రచయితల పుస్తక ప్రదర్శన ప్రారంభించడానికి వెళ్లిన సాంస్కృతిక మంత్రికి, దేశంలో పేరున్న రచయిత జాలియో ఎవరో తెలియదు. తెలియకపోగా, సభకు ఇలాంటి బట్టలేసుకుని రావచ్చా అని మందలిస్తాడు. ఓ చిన్న అమెరికన్ విశ్వవిద్యాలయం ఇవ్వబోయే గౌరవ డాక్టరేటు కోసం మాత్రం ఎదురుచూస్తుంటాడు, పేరుకు ముందూ వెనకా తగిలే అక్షరాలు లెక్కపెట్టుకుంటూ.

గిలిగిలి నుంచి అనాటా దాకా తారు రోడ్డు వేయించడానికి పట్టుబడతాడు. దానికి రెండు కారణాలు. ఒకటి ఎన్నికలు. రెండోది, ఆ దారిలో తిప్పడానికి బ్రిటిష్ కంపెనీ నుంచి వాయిదాల మీద తెప్పిస్తున్న పది విలాసవంతమైన బస్సులు. అనాటాలో అతని పాత ఇంటి పక్కన నాలుగంతస్తుల కొత్త మేడ లేస్తుంటుంది. జాతీయ కళా విజ్ఞాన అకాడమీ కట్టడానికి అయిదు లక్షల పౌండ్ల గుత్త అతని చేతుల మీదుగా పొందిన విదేశీ నిర్మాణ సంస్థ దాన్ని కానుకగా కడుతోంది. వీటిలో ఏదీ రహస్యం కాదు. రోడ్డు ఊరికి అవసరమే, బస్సులూ అవసరమే. ప్రజల అవసరానికీ మంత్రి లాభానికీ మధ్య గీత చెరిగిపోయిన చోట నేరాన్ని వేలుపెట్టి చూపడం ఎంత కష్టమో ఈ రోడ్డు చెబుతుంది.

మరో మంత్రి కోకో ఇంట్లో జరిగే ఉదంతం ఒకటి చెప్పుకోవాలి. ప్రభుత్వం స్వదేశీ వస్తువులు కొనమని జోరుగా ప్రచారం చేస్తున్న రోజులవి. ఉదయం కోకో కాఫీ గుక్క తాగి, రుచి తేడాగా ఉండేసరికి విషం పెట్టారని, చచ్చిపోతున్నానని కేకలు పెడతాడు. వంటవాడు పరుగున వచ్చి, రోజూ కలిపే విదేశీ డబ్బా పొడి అయిపోతే దేశవాళీ కాఫీ కలిపానని చెప్పి, అదే కాఫీ తాను తాగి చూపిస్తాడు. కాఫీ రైతును కాపాడే పేరుతో ఆర్థిక మంత్రిని బలిచ్చిన ప్రభుత్వంలో మంత్రికి సొంత దేశపు కాఫీ రుచే తెలియదు.

ఎన్నిక

ఓడిలి తన స్నేహితురాలు ఎల్సీని మంత్రి ఇంటికి తీసుకొస్తాడు. ఆ రాత్రి నాంగా ఆమెను తన గదికి రప్పించుకుంటాడు. తెల్లవారి ఓడిలి కోపంతో ఇల్లు వదిలి, న్యాయవాది మిత్రుడు మ్యాక్స్ దగ్గరికి చేరతాడు. మ్యాక్స్, అతని సహచరి యూనిస్, మరికొందరు కలిసి సామాన్య ప్రజల పార్టీ ఒకటి పెడుతున్నారు. నాంగా మీద పోటీకి ఓడిలి సిద్ధమవుతాడు. అతని రాజకీయాల్లో ఎంత ఆశయం ఉందో, ఎంత పగ ఉందో అతనికే తెలియదు. నాంగా రెండో భార్యగా తెచ్చుకోబోతున్న ఎడ్నాను తనవైపు తిప్పుకోవాలన్న కోరిక కూడా ఆ ప్రచారంలో కలిసిపోయి ఉంటుంది. కొత్త పార్టీకి తెరవెనక అండగా ఉన్నది అధికార పక్షంలోని ఒక సహాయ మంత్రేనని తెలిసినప్పుడు ఓడిలికి మింగుడు పడదు. మ్యాక్స్ మాత్రం రాజకీయం ఇలాగే ఉంటుందంటాడు. పోటీ నుంచి తప్పుకోవడానికి తన ప్రత్యర్థి కోకో ఇచ్చిన వెయ్యి పౌండ్లు తీసుకుని, తప్పుకోకుండా ఆ డబ్బుతోనే ప్రచారం సాగిస్తాడు. నాంగా తనకు ఇవ్వజూపిన డబ్బును, ఉపకార వేతనాన్ని ఓడిలి తిరస్కరిస్తాడు. ఎవరిది సరైన దారో అచెబె తీర్పు చెప్పడు.

ఓడిలి సొంతూరు ఉరువాలో జరిగింది పల్లెటూరి రాజకీయం తెలిసిన ఎవరికైనా బాగా అర్థమవుతుంది. ఊరికి మంచినీళ్ల పథకం కోసం గొట్టాలు తెచ్చి పడేసి ఉంటాయి. ప్రతిపక్షం సభ ఊళ్లో జరగగానే ఆ గొట్టాలు మాయమవుతాయి. ఊరు మంత్రికే మద్దతని చాటింపు వేయించగానే మళ్లీ వచ్చి చేరతాయి. ఓడిలి తండ్రి హెజకయ్య ఒకప్పుడు తెల్లదొర దగ్గర దుబాసీ, అధికార పార్టీకి స్థానిక అధ్యక్షుడు. కొడుకు పోటీ ఆయనకు నచ్చలేదు. అయినా కొడుకును తప్పుపడుతూ సంతకం పెట్టమంటే పెట్టలేదు. పదవి పోయింది, పన్ను మీద పడింది. నవలలో నిజంగా కొంత మూల్యం చెల్లించి నిలబడిన పాతతరం మనిషి ఆయనొక్కడే. ఆయన గురించి విమర్శకులు రాసింది తక్కువ.

నాంగా ప్రచార సభకు ఓడిలి మారువేషంలో వెళ్తాడు, పట్టుబడతాడు. మంత్రి అతన్ని వేదిక మీదికి పిలిపించి, మైకులో ఎగతాళి చేసి, చెంపదెబ్బ కొడతాడు. తరవాతి పని జనం చూసుకుంటారు. ఓడిలి ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఎన్నిక ముగిసింది, నాంగా గెలిచాడు. ఎన్నికల రోజున మరో నియోజకవర్గంలో కోకో మనుషుల జీపు మ్యాక్స్‌ను గుద్ది చంపింది. యూనిస్ అక్కడికక్కడే కోకోను కాల్చి చంపింది.

సొత్తుదారు లేని చోట

ప్రచార సభలో ఓడిలిని గుర్తుపట్టి నాంగా చెవిలో ఊదినవాడు జోసయ్య అనే దుకాణదారు. ఈ చిన్న పాత్రలోనే నవల ఆలోచనంతా ఇమిడి ఉంది.

అనాటాలో అజోగె అనే గుడ్డి బిచ్చగాడు ఉండేవాడు. జోసయ్య ఒకనాడు అతనికి తిండి పెట్టి, తాగించి, అతని పాత చేతికర్ర కాజేసి కొత్తది అంటగట్టాడు. గుడ్డివాడి కర్రతో మందు చేయిస్తే కొనేవాళ్లంతా కళ్లు మూసుకుని తన దుకాణానికే వస్తారని ఆశ. సంగతి బయటపడగానే ఊరు భగ్గుమంది. సొత్తుదారుడి కంట పడేటంతగా దోచాడని ఊరివాళ్లు అన్నారు. ఎవరూ అతని మీద చెయ్యి చేసుకోలేదు. ఎవరూ అతని దుకాణం గడప తొక్కలేదు. వారం తిరక్కుండా జోసయ్య దివాలా తీశాడు.

అదే ఊరు, అదే జనం, నాంగా దోపిడీ గురించి వింటే భుజాలు ఎగరేస్తారు. తినేవాళ్లను తిననీ, తెల్లవాళ్లు తిన్నప్పుడు మనం ఉరేసుకున్నామా అంటారు. ఊరికి ఒక మనసు ఉంది, తన సొత్తు ఏదో దానికి తెలుసు, హద్దు దాటినవాణ్ణి వెలివేయగలదు. దేశం విషయంలో సొత్తుదారు ఎవరు? ఎవరూ కారు. ఊరి కట్టుబాటు అక్కడ పనిచేయదు. ఊరు వెలివేసిన జోసయ్యకు నాంగా వేదిక మీద చోటు దొరకడమే దీనికి రుజువు. ఓడిలి దగ్గరికి కూడా మొదట జోసయ్య వచ్చాడు, సాయం చేస్తానన్నాడు, ఓడిలి కాదన్నాడు. రాజకీయ పార్టీ అతన్ని కాదనలేదు. మ్యాక్స్ చావుకు ప్రతీకారం తీర్చుకున్నది కూడా జనం కాదు, అతన్ని ప్రేమించిన ఒక ఒంటరి స్త్రీ అని ఓడిలి చివర బాధపడతాడు.

ఈ విశ్లేషణలో అచెబె ఊరిని కాస్త ఎక్కువగా మెచ్చుకున్నాడన్న అభ్యంతరం ఉండొచ్చు. ఉరువాలో గొట్టాల కోసం మాట మార్చింది కూడా ఊరే. అయినా అచెబె చెబుతున్నది ఊరి పవిత్రత గురించి కాదు. నష్టం ఎవరిదో కళ్లకు కనిపించినప్పుడే నీతి పనిచేస్తుందన్నది అతని మాట. గుడ్డివాడి కర్ర అందరికీ కనిపిస్తుంది, అచ్చువేసిన కోటీ యాభై లక్షల పౌండ్లు ఎవరికీ కనిపించవు.

పతనం, ఆ తరవాతి నిజం

నాంగాను ప్రజలు దించలేదు. ఎన్నికల్లో నెత్తురు రుచి మరిగిన కిరాయి మూకలు, మంత్రులు పెంచి పోషించిన సొంత దళాలు, ఎన్నికలయ్యాక అదుపు తప్పి యజమానుల మీదికే తిరిగాయి. దేశం అల్లకల్లోలమైంది. సైన్యం దిగి ప్రభుత్వాన్ని జైల్లో పెట్టింది. మర్నాటి నుంచి అదే జనం, అదే పత్రికలు మంత్రులను దొంగలన్నారు. మ్యాక్స్‌ను విప్లవ వీరుడని కొత్త పాలకులు ప్రకటించారు. ఓడిలికి ఇది సంతోషం కలిగించదు, మెచ్చుకునేవాళ్లు నిన్న ఎక్కడున్నారో అతనికి తెలుసు.

నవల అచ్చయి దుకాణాలకు చేరే రోజులవి. 1966 జనవరి 15న నైజీరియాలో మేజర్ చుక్వుమ కదునా న్జెయోగ్వు, మరికొందరు యువ సైనికాధికారులు తిరుగుబాటు చేశారు. ప్రధాని అబూబకర్ తఫావా బలేవా, ఉత్తర ప్రాంత నాయకుడు అహ్మదూ బెల్లో, పశ్చిమ ప్రాంత ప్రీమియర్ శామ్యూల్ అకింటోలా, ఆడంబరానికి పేరుపడ్డ ఆర్థిక మంత్రి ఫెస్టస్ ఒకోటీ-ఎబో హతులయ్యారు. అంతకు ముందే నవల ప్రతి చదివిన కవి జె.పి. క్లార్క్, సైనిక తిరుగుబాటు ఒక్కటి మినహా ఇందులోవన్నీ ఇప్పటికే జరిగిపోయాయని అచెబెతో అన్నాడు. ఆ మిగిలినదీ జరిగిపోయింది.

ఈ పోలిక రచయిత ప్రాణం మీదికి తెచ్చింది. జనవరి తిరుగుబాటు నాయకుల్లో ఎక్కువమంది ఇగ్బోలు, అచెబె కూడా ఇగ్బో. జులైలో ఉత్తరాది సైనికులు ఎదురు తిరుగుబాటు చేశారు. దేశంలో ఇగ్బోల ఊచకోత సాగింది. తిరుగుబాటు సంగతి ముందే తెలిసి రాశాడన్న అనుమానంతో సైనికులు లాగోస్‌లో అచెబె కోసం వెతికారు. ఆయన ముందు కుటుంబాన్ని పంపి, తరవాత తానూ తూర్పు ప్రాంతానికి తప్పించుకున్నాడు. నవల రాసి, ప్రచురణకర్తకు పంపి, అచ్చు కావడానికి పట్టే నెలలు లెక్కవేస్తే ఆ అనుమానం నిలవదు. 1965 నాటి దేశాన్ని కళ్లు తెరిచి చూసిన మనిషికి ఆ ముగింపు ఊహించడానికి కుట్రదారుల సమాచారం అక్కర్లేదు. 1967 మే 30న తూర్పు ప్రాంతం బియాఫ్రాగా విడిపోయింది. 1970 జనవరి దాకా యుద్ధం నడిచింది. అచెబె బియాఫ్రా తరఫున విదేశాలు తిరిగాడు. ఆయన మిత్రుడు, కవి క్రిస్టఫర్ ఒకిగ్బో ఆ యుద్ధంలోనే చనిపోయాడు.

విమర్శ

నాంగా గురించి మనకు తెలిసిందంతా ఓడిలి చెప్పిందే. ఓడిలి పగబట్టిన మనిషి, చదువుకున్నవాడినన్న అహం ఉన్నవాడు, జనాన్ని చిన్నచూపు చూసేవాడు. కాబట్టి ఇది ఒక వైపు సాక్ష్యమని కొందరు విమర్శకులు ఎత్తిచూపారు. ఆ మాట నిజమే. అయితే రచయిత దాన్ని దాచలేదు. ఓడిలి ముడుచుకుపోయే చోట్లు, తనకు తాను సర్దిచెప్పుకునే చోట్లు పాఠకుడికి కనిపించేలాగే రాశాడు. నవలలో నిజంగా బలహీనమైనది స్త్రీల చిత్రణ. ఎల్సీ, ఎడ్నా ఇద్దరు మగవాళ్ల పందెంలో గెలుచుకునే వస్తువులుగా మిగిలిపోయారు. యూనిస్‌కు చేతిలో తుపాకీ ఇచ్చినంతగా నోట మాట ఇవ్వలేదు. ఇరవై ఒక్క ఏళ్ల తరవాత వచ్చిన 'యాంట్ హిల్స్ ఆఫ్ ద సవానా'లో బియాట్రిస్ పాత్రను మధ్యలో నిలబెట్టి అచెబె ఆ లోటు తీర్చుకున్నాడు.

నాంగా తరవాతివాళ్లు

కల్పిత దేశాల పాలకుల కథ నాంగాతో మొదలవలేదు. జోసెఫ్ కాన్రాడ్ 1904లోనే 'నోస్ట్రోమో' కోసం కోస్టాగువానా అనే దక్షిణ అమెరికా దేశాన్ని సృష్టించాడు. వలస పాలన ముగిశాక ఇలాంటి కల్పిత దేశాల అవసరం కొత్తగా వచ్చింది. 1967లో వి.ఎస్. నయ్‌పాల్ 'ద మిమిక్ మెన్'లో ఇసబెల్లా అనే కరీబియన్ ద్వీపాన్ని చిత్రించాడు. అక్కడి మంత్రి రాల్ఫ్ సింగ్ భారత సంతతివాడు, అసలు పేరు రంజిత్ కృపాల్‌సింగ్. భూముల వ్యాపారంలో డబ్బు చేసుకుని, బడి స్నేహితుడు బ్రౌన్‌తో కలిసి పార్టీ పెట్టి, గెలిచి, చక్కెర తోటల జాతీయీకరణ గురించి మాట్లాడటానికి లండన్ వెళ్లి, అవమానం పాలై తిరిగి వస్తాడు. చివరికి ప్రవాసంలో హోటలు గదిలో కూర్చుని జ్ఞాపకాలు రాసుకుంటాడు. నాంగాకు అధికారం ఆకలి తీర్చే కూడు. సింగ్‌కు అది తనది కాని నాటకంలో వేషం. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే నాంగాలోని జీవశక్తి మరింత స్పష్టంగా తెలుస్తుంది.

అచెబె మరో కల్పిత దేశం కంగాన్ 1987లో 'యాంట్ హిల్స్ ఆఫ్ ద సవానా'లో వచ్చింది. నాంగా లాంటి ఓట్ల నాయకులను సైన్యం తరిమేశాక ఏమవుతుందన్న ప్రశ్నకు అది జవాబు. బ్రిటన్‌లో సైనిక శిక్షణ పొందిన శామ్ దేశాధినేత అవుతాడు. అతని చిన్ననాటి స్నేహితుల్లో క్రిస్ సమాచార శాఖ చూసే కమిషనరు, ఇకెం ప్రభుత్వ పత్రిక సంపాదకుడు. శామ్‌ను జీవితకాల అధ్యక్షుణ్ణి చేసే ప్రతిపాదనకు ఒప్పుకోని అబజాన్ ప్రాంతానికి కరువులో నీళ్లు అందకుండా చేస్తారు. ఉరువాలో మాయమైన గొట్టాలు ఇక్కడ ఒక ప్రాంతం మొత్తానికి దాహమై తిరిగొచ్చాయి. ముగ్గురు స్నేహితులూ నవల ముగిసేలోగా చనిపోతారు.

కెన్యా రచయిత గూగీ వా థియాంగో గికుయు భాషలో రాసి, 2006లో ఇంగ్లీషులోకి తెచ్చిన 'విజార్డ్ ఆఫ్ ద క్రో'లో దేశం పేరు అబురీరియా. అక్కడి పాలకుడికి పేరు కూడా అక్కర్లేదు. స్వర్గం దాకా భవనం కట్టడానికి ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థను అప్పు అడుగుతాడు. మంత్రుల్లో ఒకడు శత్రువులను కనిపెట్టడానికి కళ్లు పెద్దవి చేయించుకుంటాడు, మరొకడు రహస్యాలు వినడానికి చెవులు. నాంగాకు ఉన్న మానవ రూపం ఇక్కడ పూర్తిగా కరిగిపోయింది. అంతకు ముందు గూగీ పేరు లేని దేశంలో నడిపిన 'మతిగారి' నవల 1986లో గికుయులో వచ్చింది. మతిగారి అనేవాడు ఊరూరా తిరుగుతూ న్యాయం గురించి అడుగుతున్నాడని జనం చెప్పుకోవడం విని, అతన్ని అరెస్టు చేయమని కెన్యా అధికారులు ఆదేశించారని గూగీ రాశాడు. అది నవలలో పాత్ర అని తేలాక పుస్తకాలను ఎత్తుకెళ్లారు. గూగీ తెలుగు పాఠకులకు పరిచయమైన రచయిత. వరవరరావు 1980లలో జైల్లో ఉండగా ఆయన నవల 'డెవిల్ ఆన్ ద క్రాస్'ను, జైలు డైరీ 'డిటెయిన్డ్'ను తెలుగు చేశాడు.

రచయిత రాజకీయం

అచెబె నవలలతో ఆగలేదు. 1983లో 'ద ట్రబుల్ విత్ నైజీరియా' అనే చిన్న పుస్తకం రాసి, దేశానికి పట్టిన జబ్బు నాయకత్వ వైఫల్యమేనని తేల్చి చెప్పాడు. నాంగాను పెంచిన సమాజాన్ని అంత లోతుగా చూపినవాడు అన్నీ నాయకుల మీదికే నెట్టడం ఆశ్చర్యం కలిగిస్తుంది. నవలలో ఉన్నంత సత్యం ఆ పుస్తకంలో లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. అదే కాలంలో అమీను కానో నాయకత్వంలోని పీపుల్స్ రిడెంప్షన్ పార్టీలో చేరి జాతీయ ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాది ఎన్నికల మీద కూడా మోసం ఆరోపణలు వెల్లువెత్తాయి. డిసెంబరు 31న సైన్యం మళ్లీ అధికారం చేజిక్కించుకుంది. అచెబె పార్టీ రాజకీయాల నుంచి తప్పుకున్నాడు.

2004లో నైజీరియా ప్రభుత్వం ఆయనకు దేశంలోని అత్యున్నత పురస్కారాల్లో ఒకదాన్ని ప్రకటించింది. దేశంలో, ముఖ్యంగా తన సొంత రాష్ట్రం అనంబ్రలో సాగుతున్న అరాచకానికి నిరసనగా ఆయన తీసుకోలేదు. 2011లో మరో అధ్యక్షుడి హయాంలో అదే పురస్కారం మళ్లీ ప్రకటించారు. మొదటిసారి వద్దనడానికి చెప్పిన కారణాలను ఎవరూ పట్టించుకోలేదని, అవి అలాగే ఉన్నాయని చెప్పి రెండోసారీ వద్దన్నాడు. 2013 మార్చి 21న బోస్టన్‌లో కన్నుమూశాడు.